పల్లవి లేదు... అయినా లోకమంతా పాడింది!

పల్లవి లేని పాట హిట్టవుతుందా?

మన సినిమా వాళ్ళలో ఎవర్ని అడిగినా నవ్వేస్తారు. "పల్లవి లేకపోతే ఇంకేముంది గురూ! జనం హాల్లోంచి బయటికొచ్చి పాడుకునేదే పల్లవి" అంటారు. నిజమే. మన ప్రేక్షకుల్లో చరణాలు కంఠతా వచ్చినవాళ్ళు తక్కువ. పల్లవి రానివాళ్ళు అసలుండరు.

మరి పల్లవి అన్నదే లేని ఒక పాటని వేలాది మంది స్టేడియంలో ఒకే గొంతుతో పాడేస్తుంటే ఏమనాలి? పైగా ఆ పాడేవాళ్ళలో చాలామందికి దాని మాటలు రావు. పాట పేరు తెలియనివాళ్ళూ వున్నారు. పాడిందెవరో తెలియనివాళ్ళు అంతకంటే ఎక్కువ. అయినా "ఓ... ఓ ఓ ఓ..." అంటూ భుజాలు భుజాలు కలిపి వూగిపోతారు!

మీరు ఫుట్‌బాల్ చూసేవాళ్ళయితే ఆ వరస మీ చెవిన పడే వుంటుంది. 2018లో రష్యాలో జరిగిన ప్రపంచ కప్పులో జట్లు మైదానంలోకి వచ్చేటప్పుడు మోగించింది దాన్నే. పాట పేరు 'సెవెన్ నేషన్ ఆర్మీ'. 2003లో విడుదలైంది. పాడినవాళ్ళు 'ది వైట్ స్ట్రైప్స్'.

ఇందులో అసలు తమాషా ఏమిటంటే, ఇది విజయగీతం కాదు. యుద్ధగీతం అంతకన్నా కాదు. నలుగురి నోళ్ళకీ తట్టుకోలేక వూరొదిలి పారిపోదామనుకున్న ఒక ఒంటరివాడి గోడు. ఆ గోడునే నలుగురూ పట్టుకుని పండగ పాట చేసుకున్నారు! అదెలా జరిగిందో చూద్దాం.

కారు షెడ్డు సంగీతం

ముందు ఈ 'గరాజ్ రాక్' సంగతి తెలుసుకోవాలి. 1960లలో అమెరికా కుర్రకారుకి గిటారు పిచ్చి పట్టింది. రిహార్సల్ హాలుకి అద్దె కట్టే స్తోమతు లేదు. ఇంట్లో వాయిస్తే తల్లిదండ్రులు వూరుకోరు. ఇక మిగిలింది నాన్నగారి కారు పెట్టుకునే షెడ్డు! చవక గిటారు, చిరిగిన స్పీకరు, మూడంటే మూడు కార్డులు, గొంతు చించుకుని అరుపు... ఇదీ గరాజ్ రాక్. సంగీతం మాస్టారు వింటే చెవులు మూసుకుంటారు. పదిహేడేళ్ళ కుర్రాడు వింటే కుర్చీలోంచి లేస్తాడు.

ఆ కాలపు పాటల్లో మాటలు ఎంత 'స్పష్టంగా' వుండేవో చెప్పే ముచ్చట ఒకటుంది. 1963లో 'ది కింగ్స్‌మెన్' అనే కుర్రాళ్ళ బృందం 'లూయీ లూయీ' అనే పాట రికార్డు చేసింది. గాయకుడు ఏం పాడాడో ఎవరికీ అర్థం కాలేదు. అర్థం కాలేదు కాబట్టి అందులో బూతు వుండే వుంటుందని పెద్దవాళ్ళు అనుమానపడ్డారు. ఆఖరికి అమెరికా కేంద్ర దర్యాప్తు సంస్థ ఎఫ్‌బీఐ రంగంలోకి దిగింది. రికార్డుని వేగంగా తిప్పి, నెమ్మదిగా తిప్పి విన్నారు. చివరికి ఏ వేగంలో విన్నా మాటలు అర్థం కావడం లేదని చేతులెత్తేశారు!

కార్ల ఫ్యాక్టరీల నగరం డెట్రాయిట్‌లో ఈ సంగీతం మరీ మొరటుగా పెరిగింది. 'ది స్టూజెస్', 'ఎంసీ5' వంటి బృందాలు ఆ చుట్టుపక్కలవే. ఆ తర్వాత స్టూడియోలు పెద్దవయ్యాయి, ఖర్చులు పెరిగాయి, సంగీతం నునుపు దేలింది. మళ్ళీ 2001 ప్రాంతంలో కుర్రాళ్ళు ఆ నునుపు మీద విసుగెత్తి పాత మొరటుదనాన్ని వెతుక్కున్నారు. న్యూయార్క్ నించి 'ది స్ట్రోక్స్', స్వీడన్ నించి 'ది హైవ్స్', డెట్రాయిట్ నించి 'ది వైట్ స్ట్రైప్స్' ముందుకొచ్చారు. పత్రికలు దీనికి గరాజ్ రాక్ పునరుద్ధరణ అని పేరు పెట్టాయి. మన కథలోవాళ్ళు వీళ్ళలో ఆ మూడోవాళ్ళు.

ఇద్దరే ఇద్దరు!

బృందం అంటే కనీసం నలుగురైదుగురు వుంటారనుకుంటాం కదా? వీళ్ళు ఇద్దరే. గిటారూ పాటా జాక్ వైట్. డ్రమ్ములు మెగ్ వైట్. బేస్ గిటారు లేదు. కీబోర్డు వాయించేందుకు విడిగా మనిషి లేడు. ఎరుపు, తెలుపు, నలుపు... ఈ మూడు రంగులు తప్ప మరో రంగు దుస్తులు వేసుకుని వేదిక ఎక్కేవాళ్ళు కాదు.

జాక్ అసలు పేరు జాన్ గిల్లిస్. పదిమంది పిల్లల్లో ఆఖరివాడు. సోఫాలకి, కుర్చీలకి గుడ్డ వేసే పని నేర్చుకుని ఆ పనితోనే పొట్టపోసుకున్నాడు. 1996లో మెగ్‌ని పెళ్ళి చేసుకుని ఆమె ఇంటిపేరు తను పెట్టుకున్నాడు. అవును, సరిగ్గానే చదివారు. పెళ్ళికొడుకే ఇంటిపేరు మార్చుకున్నాడు! 1997లో బృందం మొదలైంది. 2000లో విడాకులు తీసుకున్నారు. కాని బృందం మాత్రం విడిపోలేదు.

ఇక్కడే గమ్మత్తు. బయట మాత్రం వాళ్ళు "మేం అన్నాచెల్లెళ్ళం" అని చెప్పుకునేవాళ్ళు! భార్యాభర్తలని తెలిస్తే జనం పాటలు వదిలేసి కాపురం సంగతులు అడుగుతారని జాక్ భయం. ఆ భయం ఎంత నిజమో కొద్దికాలంలోనే తేలిపోయింది. విలేఖరులు పెళ్ళి కాగితం, విడాకుల కాగితం రెండూ సంపాదించి అచ్చేశారు. ఇక ఎక్కడికెళ్ళినా అవే గుసగుసలు. ఈ గుసగుసల మాట గుర్తుంచుకోండి. పాటకి మూలం అదే.

ఏడు దెబ్బలు, అయిదు స్వరాలు

2002 జనవరి. ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్ నగరం, కార్నర్ హోటల్. సాయంత్రం కచేరీకి ముందు మైకులు, స్పీకర్లు సరిచూసుకుంటున్నారు. జాక్ అలవాటుగా గిటారు మీద వేళ్ళు ఆడిస్తుంటే ఒక చిన్న వరస తగిలింది. పాశ్చాత్య సంగీతంలో ఇలా పదేపదే తిరిగొచ్చే గిటారు ముక్కని 'రిఫ్' అంటారు. అక్కడే వున్న స్నేహితుడు బెన్ స్వాంక్‌కి వినిపించాడు. ఆయన పెద్దగా మెచ్చుకోలేదు, పరవాలేదన్నట్టు పెదవి విరిచాడు!

జాక్‌కి మాత్రం నచ్చింది. ఎప్పుడైనా జేమ్స్ బాండ్ సినిమాకి పాట చెయ్యమని అడిగితే దీన్ని వాడదామని దాచుకోబోయాడు. తనలాంటివాణ్ణి బాండ్ నిర్మాతలు పిలుస్తారా అన్న అనుమానం వచ్చి సొంత ఆల్బంలోనే వాడేశాడు. తమాషా చూడండి, 2008లో 'క్వాంటమ్ ఆఫ్ సొలేస్' సినిమాకి నిజంగానే పిలుపొచ్చింది. అలీషియా కీస్‌తో కలిసి వేరే పాట చేశాడు.

ఇంతకీ ఆ వరసలో ఏముంది? ఏడు దెబ్బలు, అంతే. ఆ ఏడింటిలో వున్నవి అయిదు స్వరాలే. షడ్జమం మీద నిలబడి మరోసారి దాన్నే తాకి, గాంధారం దాకా ఎగిరి, మళ్ళీ షడ్జమానికి వచ్చి, అక్కణ్ణించి నిషాదం, దైవతం, పంచమం అని కిందికి మెట్లు దిగుతుంది. మన లెక్కలో చెప్పాలంటే నటభైరవి స్వరాలు. నాలుగేళ్ళ పిల్లాడైనా రెండుసార్లు వింటే పాడేస్తాడు. కాని ఆ దిగడంలో ఒక బరువుంది. బరువైన మూట వీపున వేసుకుని మెట్లు దిగుతున్న మనిషి అడుగుల్లా వుంటుంది.

వినగానే అందరూ అది బేస్ గిటారనే అనుకుంటారు. కాదు! చవక గిటార్లకి పేరుపడ్డ 'కే' కంపెనీ వారి పాత గిటారు అది. దాన్ని కాలితో నొక్కే 'వామీ' అనే పెట్టెకి తగిలించి, స్వరం మొత్తాన్ని ఒక స్థాయి కిందికి, అంటే మంద్రానికి దించాడు. బేస్ వాయించే మనిషి లేని లోటు అలా తీరింది. వున్నదానితో సరిపెట్టుకోవడమే కదా గరాజ్ రాక్!

రికార్డింగు 2002 ఏప్రిల్లో లండన్లోని టో ర్యాగ్ స్టూడియోలో జరిగింది. పేరుకి స్టూడియో. ఎనిమిది ట్రాకుల టేపు మిషను, 1960ల నాటి పాత సామాను. ఈ రికార్డు తయారీలో కంప్యూటర్లు వాడలేదని అట్ట మీద గర్వంగా అచ్చేసుకున్నారు. అన్నట్టు, ఆ వామీ పెట్టె మాత్రం డిజిటల్ సరుకే!

ఇక పాట నడక వినండి. గిటారు వరస మొదలవుతుంది. దాని వెంట మెగ్ డ్రమ్ము, గుండె కొట్టుకున్నట్టు దబ్... దబ్... దబ్... దబ్. తాళాలు లేవు, హడావుడి లేదు. ఆ మీద జాక్ గొంతు. చరణం అయిపోయింది, ఇప్పుడు పల్లవి రావాలి అని మనం ఎదురుచూసే చోట మాటలు ఆగిపోతాయి. అదే వరస గిటారు మీద చిరిగిపోయేంత గట్టిగా, తాళాల మోతతో విరుచుకుపడుతుంది. మళ్ళీ ఠక్కున అంతా తగ్గి దబ్... దబ్...

పల్లవి లేకుండా జనాన్ని పట్టి వుంచగలనా అని జాక్ పందెం వేసుకున్నట్టు రాసిన పాట ఇది. పల్లవి ఖాళీగా వదిలేశాడు. ఆ ఖాళీని తర్వాత ఎవరు నింపారో చూద్దురుగాని.

ఇంతకీ పాట దేని గురించి?

పేరు చూసి యుద్ధం అనుకునేరు. 'సాల్వేషన్ ఆర్మీ' అనే క్రైస్తవ సేవాసంస్థ వుంది కదా? మన బాపట్ల దగ్గర స్టూవర్టుపురం సెటిల్‌మెంటుని ఒకప్పుడు నడిపింది ఆ సంస్థే. చిన్నప్పుడు జాక్‌కి ఆ పేరు నోరు తిరగక 'సెవెన్ నేషన్ ఆర్మీ' అని వినపడేదట. కొత్త వరసకి తాత్కాలికంగా ఆ పేరు తగిలించాడు. తర్వాత ఆ పేరు చుట్టూనే కథ అల్లుకున్నాడు. ఏడు దేశాల సైన్యం ఎదురొచ్చినా నన్ను ఆపలేదు అని బింకంగా మొదలవుతుంది.

బింకం అక్కడితో సరి. తర్వాత అంతా వేదనే. ఒక మనిషి. వూరంతా అతని గురించే చెప్పుకుంటోంది. రాణిగారి దగ్గర్నించి నరకంలోని కుక్కల దాకా ప్రతివాడికీ అతని కథ తెలుసు, ప్రతివాడూ ఇంకాస్త కలిపి చెబుతాడు. రాత్రి నిద్ర పట్టదు. తనలో తనే మాట్లాడుకుంటాడు. ఇక లాభం లేదు, ఎవరూ ఎరగని దూరపు వూరికి పోయి వొళ్ళొంచి కష్టం చేసుకు బతుకుతాననుకుంటాడు. కాని నెత్తురోడుతున్న గాయాలే వెనక్కి ఇంటికి పొమ్మంటాయి. నిందలేసే జనం మధ్య వుండలేడు, ఆ జనం లేకుండానూ వుండలేడు. వూళ్ళోకొస్తే మాటలు పడాలి. వూరొదిలితే ఒంటరితనం చంపేస్తుంది.

ఇది గుసగుసల మీద రాసిన పాట అని జాక్ స్వయంగా చెప్పాడు. తనూ, మెగ్, తమ చుట్టూ వున్నవాళ్ళ బతుకుల్లోంచే పుట్టిందన్నాడు. పత్రిక చేతికి రాగానే సమీక్ష పేజీ దాటేసి గుసగుసల పేజీకి వెళ్ళిపోయే పాఠకులు ఒక్క క్షణం ఆగాలి. ఆ పేజీలో అచ్చయిన మనిషికి ఆ రాత్రి ఎలా గడుస్తుందో చెప్పిన పాట ఇది.

రికార్డు కంపెనీ వారు ముందుగా వేరే పాటని విడుదల చేద్దామన్నారు. జాక్ పట్టుబట్టి దీన్నే ముందు పంపాడు. ఇంగ్లండులో 7వ స్థానం దాకా వెళ్ళింది. సొంత దేశం అమెరికాలో మాత్రం ప్రధాన జాబితాలో 76తో సరిపెట్టుకుంది. 2004లో ఉత్తమ రాక్ గీతంగా గ్రామీ బహుమతి వచ్చింది. ఏ పాటకైనా ఇది చాలు. కాని దీని అసలు ప్రయాణం వేరే దారిలో అప్పటికే మొదలైపోయింది.

మిలాన్ బార్లో మొదలైన మంట

2003 అక్టోబరు 22. ఇటలీలోని మిలాన్. బెల్జియం జట్టు క్లబ్ బ్రూగ్ ఆ రాత్రి ఏసీ మిలాన్‌తో తలపడబోతోంది. మిలాన్ ఆ ఏడాది యూరప్ చాంపియన్. బ్రూగ్ గెలుస్తుందని ఎవరూ అనుకోలేదు. ఆటకి ముందు ఒక బార్లో చేరిన బ్రూగ్ అభిమానులకి స్పీకర్లో ఈ పాట వినిపించింది. మాటలు ఎవరిక్కావాలి? వరస అందుకున్నారు. స్టేడియంలోనూ అదే. ఆండ్రెస్ మెండోసా కొట్టిన ఏకైక గోలుతో బ్రూగ్ గెలిచింది! ఇక వూరుకుంటారా? పాటని వెంటబెట్టుకుని ఇంటికెళ్ళారు. గోలు పడినప్పుడల్లా అదే పాట.

2006 ఫిబ్రవరిలో ఇటలీ జట్టు రోమా ఆడటానికి బ్రూగ్ వెళ్ళింది. రోమా గెలిచింది. గెలిచినవాళ్ళు ఓడినవాళ్ళ పాట కూడా ఎత్తుకుపోయారు! రోమా కెప్టెన్ ఫ్రాన్సిస్కో టొట్టికి ఆ వరస బుర్రలోంచి పోలేదు, ఆ రికార్డు కొనుక్కున్నాడు. ఆ ఏడాది జులై 9న బెర్లిన్లో ఇటలీ ప్రపంచ కప్పు గెలిచేసరికి అది దేశమంతటి పాట అయిపోయింది. ఇటలీవాళ్ళకి దాని పేరుతో పనిలేదు. వాళ్ళకది 'పో పో పో' పాట. తర్వాత 2008 యూరో కప్పు నిర్వాహకులు జట్ల ప్రవేశానికి దాన్నే పెట్టుకున్నారు.

చూశారా! జాక్ పల్లవి రాయలేదు. ఆ ఖాళీ చోట జనం తమ గొంతు పెట్టారు. గిటారు వున్న చోట మనుషులొచ్చారు. మాటలున్న పాట అయితే భాష అడ్డొచ్చేది. పల్లవిలో ఇంగ్లీషు మాటలుంటే బెల్జియం వాడికి ఒకలా, ఇటలీ వాడికి ఇంకోలా నోరు తిరిగేది. ఇక్కడ భాషే లేదు. అడుగులు వేసినట్టుండే ఆ తాళం చప్పట్లకి సరిపోతుంది. పాడటానికి సంగీతం రానక్కర్లేదు. స్టేడియంలో పాట నిలవడానికి ఇంతకంటే ఏం కావాలి?

ఎవరి పాట?

జనం సొత్తయ్యాక పాట ఎవరి మాటా వినదు. 2017లో ఇంగ్లండులో కుర్రకారు ఈ వరసలోనే లేబర్ పార్టీ నాయకుడు జెరెమీ కోర్బిన్ పేరు పాడారు. 2024లో అమెరికాలో డొనాల్డ్ ట్రంప్ ప్రచార వీడియోలో వరస వినిపించేసరికి జాక్, మెగ్ ఇద్దరూ కోర్టుకెక్కారు. కొద్ది నెలల్లో ఆ దావా వెనక్కి తీసుకున్నారు.

ఫుట్‌బాల్ అభిమానుల విషయంలో మాత్రం జాక్ మురిసిపోయాడు. రాసినవాడి పేరు కూడా తెలియకుండా జనం ఒక వరసని తమదిగా చేసుకుంటే అది జానపదమైపోతుందని, ఏ సంగీతకారుడికైనా అంతకంటే ఏం కావాలని అతని భావం. మన పల్లెపాటల్లో ఎన్నింటికి కర్త పేరు తెలుసు మనకి? ఆ లెక్కన అతను చెప్పింది న్యాయమే.

కాని ఒక మెలిక వుంది. పాటలోని మనిషిని తరిమింది జనం నోళ్ళే. ఇప్పుడు పాడుతున్నదీ జనం నోళ్ళే. వాళ్ళు పాడుతున్నప్పుడు పోయింది ఏమిటి? ఆ ఒక్కడి కథ. వరస బతికింది, మనిషి మాయమయ్యాడు.

డ్రమ్ముల వెనక అమ్మాయి

ఈ కథలో నిజంగా మాయమైన మనిషి ఒకరున్నారు. మెగ్ వైట్.

మొదటినించీ ఆమెది తక్కువ మాట. డ్రమ్ములు నేర్చుకోవాలని నేర్చుకున్నది కాదు, ఊరికే సరదాగా కూర్చుని వాయించింది. ఆ పసితనపు దెబ్బ విని జాక్ బృందమే మొదలుపెట్టాడు. ఆ దెబ్బ మీద మాటలు పడని రోజు లేదు. "వాయించడం రాదు", "అదేం డ్రమ్మింగు" అన్నారు. పెళ్ళి మీద మాటలు, విడాకుల మీద మాటలు సరేసరి. 2007 సెప్టెంబరులో ఆమెకి తీవ్రమైన ఆందోళన రావడంతో కచేరీలు రద్దు చేశారు. 2011 ఫిబ్రవరి 2న బృందం ముగిసిందని ప్రకటించారు. ఆ తర్వాత ఆమె వేదిక వైపు రాలేదు. 2023లో ఒక అమెరికన్ విలేఖరి ఆమె వాయిద్యాన్ని మళ్ళీ తీసిపారేస్తే ప్రపంచం నలుమూలల నించి సంగీతకారులు లేచి ఆమె పక్షాన నిలబడ్డారు. ఆ విలేఖరి క్షమాపణ చెప్పుకోవలసి వచ్చింది. ఆమె మాత్రం ఆ గొడవలో నోరు విప్పలేదు. 2025లో ఈ బృందానికి 'రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్'లో చోటు దక్కింది. ఆ సభకీ జాక్ ఒక్కడే వచ్చాడు.

పాటలోని మనిషి పోదామనుకుని పోలేక వెనక్కొచ్చాడు. మెగ్ వెళ్ళింది, తిరిగి రాలేదు. అది ఆమె ఇష్టం. ఎందుకని మనం తవ్వనక్కర్లేదు. తవ్వితే అదీ గుసగుసే అవుతుంది.

ఒక్కటి మాత్రం చెప్పుకోవాలి. ఆమెకి వాయించడం రాదన్నవాళ్ళు ఒకసారి స్టేడియంకి వెళ్ళాలి. వేలమంది గొంతులు జాక్ వరస పాడుతుంటే, ఆ వేలమంది చేతులు కొట్టేది మెగ్ దెబ్బే. దబ్... దబ్... దబ్... దబ్. అంతకంటే ఒక్క దెబ్బ ఎక్కువ వేసి వుంటే జనం చేతులకి అందేది కాదు.

ఈసారి ఫుట్‌బాల్ ఆట చూస్తున్నప్పుడు ఆ ఏడు దెబ్బలు వినపడితే మీరూ హుషారుగా పాడండి. తప్పేం లేదు. ఆట అయ్యాక అసలు రికార్డు పెట్టుకుని, రాత్రిపూట, ఒక్కరే కూర్చుని మాటలతో సహా ఇంకోసారి వినండి. వరస అదే. వినపడేది మాత్రం వేరు.